గ్యారేజీలో నా పొయ్యి, పిట్స్‌బర్గ్ దగ్గర ఆయన కారు

వద్దని చెప్పడానికే నేను ఈ ప్రయాణం కట్టాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే రైలు గురించీ కొండల గురించీ సంబరంగా రాసుకుపోతుంటే, ఈవిడ కులాసాగా షికారుకి వెళ్ళొచ్చిందని మీరు అనుకోగలరు.

మా ఆయన మురళి ఒక కారు కొంటానన్నారు. మామూలు కారు అయితే నాకేం పట్టింపు లేదు. ఇది పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఇంట్లో మనమే బిగించుకోవాలి. అరవైల నాటి స్పోర్ట్స్ కార్లు ఉంటాయి చూడండి, పైకప్పు లేకుండా, నేలకి ఆనుకుని, మూతి పొడుగ్గా? వాటికి నకలు. అసలువి కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి కాబట్టి ఈ అమెరికాలో వాటి నకళ్ళని కిట్లుగా అమ్ముతారు. ఇనప చట్రం, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ, లోపల వైర్లూ గొట్టాలూ వాళ్ళిస్తారు. ఇంజినూ ఓపికా మనం తెచ్చుకోవాలి.

"బిగిస్తారు సరే, ఎక్కడ?" అన్నాను.

"గ్యారేజీలో" అన్నారు. తగువంతా అక్కడే వచ్చింది.

మేముండే పార్సిప్పనీలో మా గ్యారేజీ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. రెండు కార్లు పట్టే చోటు. ఒకవైపు మా కారు ఉంటుంది. రెండోవైపు నా రెండో వంటిల్లు: గ్యాసు పొయ్యి, సిలిండరు, పెద్ద మూకుడు, డీప్ ఫ్రీజరు, బియ్యం బస్తాలు. ఇంట్లో పోపు వేస్తే చాలు, పొగ అలారం లబోదిబోమంటుంది. అందుకని వేపుళ్ళూ, పిండివంటలూ, చేపల పులుసూ అన్నీ గ్యారేజీలోనే, తలుపు సగం ఎత్తి. ఎవరింట్లో శుభకార్యమైనా ముందురోజు ఆడవాళ్ళం అక్కడే చేరతాం. ఒకళ్ళు పిండి వత్తుతారు, ఒకళ్ళు వేయిస్తారు, ఇంకొకళ్ళు కుర్చీ వేసుకుని ఊరికే కబుర్లు చెబుతారు. వారమంతా మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడి ఎండిపోయిన నా నోరు ఆదివారం అక్కడే తడుస్తుంది. ఆ చోటు నాది. అందులోకి ఇనపముక్కలు దిగితే నా మూకుడు ఎక్కడికి పోతుంది?

మా అమ్మాయి కీర్తి దేశానికి ఆ చివర, సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తోంది. ఇక్కడే పుట్టింది కాబట్టి దాని తెలుగుకి అమెరికా యాస. ఫోన్‌లో నాకు గడ్డి పెట్టింది. "అమ్మా, నువ్వు నో అంటే నాన్న మళ్ళీ అడగడు. యూ నో హిమ్. సో, ఫస్ట్ వెళ్ళి చూడు. తర్వాత నో చెప్పు, ఓకే?"

ఆ మాట నిజమే. ఆయన రెండోసారి అడిగే మనిషి కాదు. ఒకరోజు కాఫీ తాగుతూ, "ఇన్నేళ్ళు డేటాబేస్‌లు చూశాను సుజా, చేత్తో పట్టుకుని ఇది నేను చేశాను అని చూపించేది ఒక్కటీ లేదు" అన్నారు. నాకు గుండె కలుక్కుమంది గానీ పైకి తేలనివ్వలేదు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది: ఇద్దరం వెళ్ళి కార్లు చూస్తాం. చూశాక నేను వద్దంటే ఇక జన్మలో ఆ ఊసు ఎత్తకూడదు. ఊ అంటే కొనుక్కోవచ్చు. నేను అనబోయేది ఏమిటో నాకు ముందే తెలుసు.

కిట్లు తయారుచేసే వర్క్‌షాపులు రెండు పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఉన్నాయని తేల్చారు. కారులో ఆరేడు గంటల దారి. కానీ ఆయన రైలు టికెట్లు బుక్ చేశారు. కారులో అయితే నేను ఎక్కగానే నిద్రపోతాననీ, రైల్లో అయితే రోజంతా వింటాననీ ఆయన ఎత్తు. టికెట్లు కాస్త ముందుగా తీసుకుంటే చవకే.

శుక్రవారం పొద్దున పది గంటలకల్లా క్యాబ్‌లో న్యూఆర్క్ స్టేషన్‌కి చేరాం. పదకొండు దాటాక రైలొచ్చింది. ఇటు వెళ్ళేవాళ్ళకి ఒక చిట్కా చెబుతాను, రాసిపెట్టుకోండి. న్యూఆర్క్‌లో ఎక్కినప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. సీట్లు వెనక్కి తిరిగి ఉన్నాయని కంగారుపడకండి. ఫిలడెల్ఫియాలో బండి వచ్చిన దారినే వెనక్కి బయల్దేరుతుంది, అక్కణ్ణుంచి సీట్లు ముందుకి చూస్తాయి, మీ కిటికీ ఎడమవైపుకి వస్తుంది. కొండల అందమంతా ఎడమవైపే. ఇది తెలియక మా ఆయన ఫిలడెల్ఫియాలో బండి కదలగానే, "సుజా, ఇది మళ్ళీ ఇంటికి పోతోందే!" అని లేచి నుంచున్నారు. పోతే పీడా వదిలిందనుకున్నాను.

ఒంటిగంటకి డబ్బాలు విప్పాం. పులిహోర, పెరుగన్నం, చేగోడీలు. రైల్లో కాఫీ దొరుకుతుంది, వేడిగా ఉంటుంది, అంతకంటే మెచ్చుకోవడానికి ఏమీ లేదు. పెరుగన్నం తింటున్నంతసేపూ ఆయన ట్యాబ్లెట్‌లో బొమ్మలు చూపిస్తూనే ఉన్నారు. చట్రంలో తేడాలు, చక్రాల తేడాలు. అన్నిట్లోకీ ఒక ఎర్రకారు దగ్గర ఆగి, దానిమీద వేలు పెట్టి అలా ఉండిపోయేవారు. కాలేజీ హాస్టల్ గోడకి ఆ కారు బొమ్మే అతికించుకున్నారట.

"మన కారు బయట పెడతాను. చలికాలం మంచు నేనే గీక్కుంటాను. ఆ సగంలో ఇది. నీ పొయ్యి అంగుళం కదలదు, మాట ఇస్తున్నా" అన్నారు.

"మీరు మంచు గీకుతారా? ఆ రోజు నేను తప్పకుండా చూడాలి" అన్నాను. కానీ పొయ్యి గురించి ఆయన ఇచ్చిన మాట మనసులో దాచుకున్నాను.

లాంకాస్టర్‌లో ఒక ఆమిష్ జంట ఎక్కి మా ఎదురు వరసలో కూర్చున్నారు. కరెంటూ కార్లూ లేకుండా, గుర్రపుబండ్ల మీద తిరుగుతూ బతికే జనం వీళ్ళు, రైలు మాత్రం ఎక్కుతారు. ఆయనకి గడ్డం, గడ్డి టోపీ. ఆవిడకి తెల్లటి కుచ్చుల టోపీ, ఒళ్ళో బుట్ట. మా ఆయన చేతిలో బొమ్మలు చూసి పెద్దాయన కుతూహలం ఆపుకోలేకపోయాడు.

"కారు కొనడానికి వెళ్తున్నారా?"

"కొనడానికి కాదండీ, చేసుకోవడానికి" అన్నారు మా ఆయన. ఆ మాట అంటున్నప్పుడు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

పెద్దాయన తల పంకించాడు. "కార్లు మాకు లేవు. కానీ నా బగ్గీ నేనూ మా తమ్ముడూ కలిసి చేసుకున్నాం. చేసుకున్నదాని చప్పుడు మనకి తెలుస్తుంది."

ఇద్దరూ ఇరుసుల గురించీ బేరింగుల గురించీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కారు ఎక్కని మనిషీ, కారు కలవరించే మనిషీ. ఆవిడ మాత్రం నా వైపు వంగి మెల్లగా ఒకే ప్రశ్న అడిగింది. "ఎక్కడ పెడతారమ్మా దాన్ని?"

అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఇంత దూరం వచ్చాక నా బాధ తెలిసిన మనిషి దొరికింది. గ్యారేజీ, పొయ్యి, మూకుడు అన్నీ చెప్పాను. ఆవిడకి అన్నీ అర్థమయ్యాయి. వాళ్ళూ ఎండాకాలం వంటకి ఇంటికి ఎడంగా వేరే వంటిల్లు పెట్టుకుంటారట. చేగోడీలు ఇచ్చాను, ఆవిడ బుట్టలోంచి ఆపిల్ పై ముక్క ఇచ్చింది. చేగోడీ కొరికి, మొగుడి చెయ్యి తట్టి, ఇది తిని చూడమంది. తర్వాత డబ్బా ఖాళీ అయ్యేదాకా వాళ్ళిద్దరి చెయ్యీ ఆగలేదు.

సాయంత్రం ఐదు దాటాక ఆల్టూనా వచ్చింది. అక్కణ్ణుంచి బండి కొండెక్కుతుంది. కాసేపటికి గుర్రపు నాడాలాంటి మలుపు వస్తుంది. లోయ చుట్టూ బండి ఎడమకి వంగి తిరుగుతుంటే, మన బండి ఇంజిను మనకే కిటికీలోంచి కనిపిస్తుంది. పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి చేరారు. అక్టోబరు మొదలు కాబట్టి చెట్లన్నీ ఎరుపూ పసుపూ. మా ఆయన ట్యాబ్లెట్ పక్కన పడేసి నోరు తెరుచుకుని చూశారు. కాసేపు కారు ఊసు లేదు, పొయ్యి ఊసు లేదు. రాత్రి ఎనిమిదికి పిట్స్‌బర్గ్‌లో దిగి, స్టేషన్‌కి నడిచివెళ్ళేంత దూరంలో ఉన్న హోటల్లో పడుకున్నాం. గది చిన్నదే, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి.

శనివారం పొద్దున్నే ఒక చిన్న కారు అద్దెకి తీసుకుని ముందు కొండమీది వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. పిట్స్‌బర్గ్ దాకా వచ్చి వెంకన్నని చూడకుండా పోతే మావాళ్ళు ఇళ్ళల్లోకి రానివ్వరు. మా ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు నుంచున్నారు. నేనూ నుంచున్నాను. ఒకే దేవుడికి, ఒకే ఇంటినుంచి, రెండు వేరే వేరే దరఖాస్తులు. పాపం స్వామి ఏం చేస్తాడు! పూజారిగారు ఇచ్చిన కుంకుమ, పసుపు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న నా చిన్న భరిణెలో సర్దుకున్నాను. కింద క్యాంటీన్‌లో ఇడ్లీ తిని తొమ్మిదిన్నరకి బయల్దేరాం.

మొదటి వర్క్‌షాపు దక్షిణంగా గంట దూరంలో, ఒక నది ఒడ్డున ఉంది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా హాస్టల్ గోడమీది ఆ ఎర్రకారే. మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు, గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టే. "కూర్చుని చూడండి" అన్నాడు అక్కడి అబ్బాయి.

కూర్చున్నారు. మా ఆయన ఆరడుగుల మనిషి, బొజ్జ కూడా పదవికి తగ్గట్టు ఉంటుంది. దిగడమైతే గోతిలోకి దిగినట్టు దిగారు. కానీ మోకాళ్ళు స్టీరింగ్ కింద ఇరుక్కున్నాయి. కుడికాలు బ్రేకు మీద పెడితే సగం పాదం యాక్సిలరేటర్ మీద కూడా పడుతోంది. "సీటు వెనక్కి జరపొచ్చా?" అని అడిగారు. ఇంక జరగదట. కొలతలు అసలు కారువే కాబట్టి మార్చం, అదే మా ప్రత్యేకత అన్నాడు అబ్బాయి. పైకి లేవడం ఇంకా కష్టమైంది. అబ్బాయి ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకుని లాగాం.

నేను గెలిచాననుకోవాలి కదా? లోపల లడ్డూలు పేలాలి కదా? ఏం లేదు. ఆయన బయటికొచ్చి, చొక్కా సర్దుకుని, ఆ ఎర్రకారుని ఒకసారి తడిమి, "బొమ్మలో చాలా పెద్దగా ఉండేది సుజా" అన్నారు. ఆ మొహం చూస్తే నాకే కష్టమేసింది. దారిలో ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగి, కాఫీ కొనిచ్చి, రెండోది కూడా చూద్దాం పదండి అని నేనే అన్నాను.

రెండో వర్క్‌షాపు ఒహాయో వైపు దారిలో, మొక్కజొన్న చేల మధ్య ఉంది. రెండింటికి చేరాం. నడిపేది లిండా అనే ఆవిడ. అరవై దాటి ఉంటాయి, పొట్టి జుట్టు, పెద్ద గొంతు, చేతులనిండా గ్రీజు. మా ఆయన్ని ఎగాదిగా చూసి, "ఓ, మీరు పొడుగువాళ్ళు. మీలాంటివాళ్ళ కోసమే నేను చట్రం వెడల్పు చేశాను" అంది. ఆమె కారు కూడా ఆ కాలం నాటి దానికి నకలే గానీ, కొలతలు మనుషులకి తగ్గట్టు మార్చింది. పెడల్స్ ముందుకి జరుగుతాయి, సీటు వెనక్కి పోతుంది. మా ఆయన కూర్చున్నారు. లేచారు. మళ్ళీ కూర్చున్నారు. మొహంలో వెలుగు రావడం నేను చూశాను.

లిండా ఇంకా ఏమీ తొడగని చట్రం దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళింది. "కొనేముందు అందరిచేతా ఒక బోల్టు బిగింపిస్తాను" అని మా ఆయన చేతికి స్పానర్ ఇచ్చింది. ఆయన తిప్పుతున్నారు, తిప్పుతున్నారు. వెనక నట్టు కూడా దాంతోపాటే గిర్రున తిరుగుతోంది. నట్టుని పట్టుకోవాలంటే రెండు గొట్టాల మధ్య చెయ్యి దూర్చాలి. ఆయన చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

"మీరు ప్రయత్నించండి" అంది లిండా నాతో.

నేను గాజులు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. సందులో చెయ్యి పెట్టి నట్టుని గట్టిగా పట్టుకున్నాను. ఆయన అటునుంచి తిప్పారు. బిగుసుకుంటున్నకొద్దీ నా వేళ్ళ కింద అది ఆగడం తెలిసింది. చిత్రమేమిటంటే, ఆ ఒక్క బోల్టు బిగిసేసరికి ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వేశాం. చెయ్యి బయటికి తీసి చూసుకుంటే మోచేతిదాకా గ్రీజు.

"చూశారా, ఇది ఇద్దరు కలిసి చేసే పని" అంది లిండా. "సగంలో వదిలేసిన కార్లు నా దగ్గరికి వెనక్కి వస్తుంటాయి. ఎక్కువగా అవన్నీ ఇంట్లో రెండోవాళ్ళకి ఇష్టం లేకుండా కొన్నవే."

నేను నేల చూపులు చూశాను.

తర్వాత ఆమె, తన కారులో ఒక్కొక్కరినీ తిప్పుతానంది. రంగు వెయ్యకుండా, రంగుకి ముందు అడుగుపూతగా వేసే తెల్లటి ప్రైమర్ మాత్రం కొట్టి ఉంచిన కారు అది. చూడవచ్చినవాళ్ళకి అతుకులన్నీ కనిపించాలని అలా ఉంచిందట. "ముందు మా ఆవిడ" అన్నారు మా ఆయన, నేను భయపడతానని తెలిసే. లిండా చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

నేను ఆ కారుని చూశాను. పైకప్పు లేదు, తలుపు మోకాలెత్తు లేదు, అద్దం జానెడు. ఇందులో కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో రోడ్డెక్కాలి. భయమేస్తే మనవాళ్ళం ఏం చేస్తాం? బ్యాగ్‌లోంచి భరిణె తీశాను. నీళ్ళసీసాతో వేలు తడుపుకుని, కారు మూతిమీద నిండుగా పసుపు రాసి, మధ్యలో కుంకుమబొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను. పొద్దున అద్దెకారుకి కూడా పెట్టాను, దాన్ని కాగితంతో తుడిస్తే పోయింది. ఇదీ అంతే అనుకున్నాను.

లిండా నడిపింది. మొదటి మలుపుదాకా నేను కళ్ళు తెరవలేదు. తర్వాత తెరిచాను. రోడ్డు నా నడుం కిందనుంచే పరిగెడుతోంది. రెండువైపులా కోతకొచ్చిన మొక్కజొన్న, మొహమ్మీద గాలి, వెనక పెద్ద చప్పుడు. చున్నీ తలకి చుట్టుకుని ముడేశాను. ఒక పల్లం వచ్చింది, కడుపులో గిలిగింత పెట్టినట్టయింది. నేను "గోవిందా!" అని గట్టిగా అరిచాను. లిండాకి అర్థం కాకపోయినా తనూ అరిచింది. నిజం చెప్పొద్దూ, ఇంత పిచ్చి ఆనందం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. తిరిగొచ్చాక దిగకుండా, "ఇంకొక్క రౌండు" అని అడిగాను. మా ఆయన గుమ్మంలో నుంచుని తెల్లబోయి చూస్తున్నారు.

ఆయన వంతు కూడా అయ్యాక, నేను టిష్యూ తీసుకుని బొట్టు తుడవబోయాను. పోలేదు. తడిపి తుడిచాను. పసుపు ఇంకా పరుచుకుంది. ప్రైమర్ కదా, తెల్ల చొక్కా పప్పుచారుని పీల్చుకున్నట్టు పీల్చేసుకుంది. కుంకుమ దానిమీద గులాబీరంగులో కారింది. లిండా ఏదో మందు తెచ్చి రుద్దింది. లేత పసుపు వృత్తం, నడుమ ఎర్రచుక్క, అలాగే ఉన్నాయి. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పరాయి మనిషి కారు పాడుచేశాను! క్షమించమని పదిసార్లు అన్నాను, బాగుచేయించి ఇస్తామన్నాను.

లిండా నడుం మీద చేతులు పెట్టుకుని ఆ మచ్చని చూసింది. "ఇంతకీ ఏమిటిది?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "మా ఇళ్ళల్లో కొత్త బండి వస్తే ఇలా బొట్టు పెడతాం. అది మనదని, దాన్ని దేవుడు చల్లగా చూడాలని."

"కొత్తగా వచ్చి, మనదైన బండికా?" అని నొక్కి అడిగింది లిండా.

"అవునండి."

ఆమె షెడ్డు ఎగిరిపోయేలా నవ్వింది. "అయితే ఇది ఈవిడదేగా! నేనెలాగూ ఈ బానెట్ విప్పి కొత్తది పెట్టుకోవాలి. మీరు కిట్ తీసుకుంటే, ఈ బానెటే అందులో పెట్టి పంపిస్తాను."

మా ఆయన నా వైపు చూడలేదు. ఒప్పందం ఒప్పందమే, నోరు విప్పేది నేనే అని ఆయనకి తెలుసు. లిండా ఆఫీసుగదిలో మాకు నిమ్మరసం పోసిచ్చి, కారు ఎక్కడ బిగిస్తారని అడిగింది. మా ఆయన గ్యారేజీ గురించి వివరించారు. సగంలో ఇది, సగంలో మా ఆవిడ పొయ్యి.

"పొయ్యి అంటే, మంట ఉండే పొయ్యేనా?" లిండా గ్లాసు కింద పెట్టేసింది. "లేదు లేదు. పెట్రోలు, రంగులు, వాటి ఆవిర్లు. మంట ఉన్నచోట ఈ పని చెయ్యకూడదు. రెండిట్లో ఒకటే ఉండాలి. దీంట్లో మాత్రం నేను నవ్వను."

ఈసారి నేను కష్టపడాల్సిన పనే లేదు. వద్దు అనక్కర్లేకుండానే వద్దు అయిపోయింది.

మా ఆయన గ్లాసు ఖాళీ చేసి లేచారు. "అయితే కుదరదండి. పొయ్యి ఉంటుంది. దాని దగ్గర మా ఆవిడా, ఆవిడ స్నేహితులూ సంతోషంగా ఉంటారు. మీ టైమ్ తీసుకున్నాం, ఏమీ అనుకోకండి." అంత మామూలుగా అనేశారు. నా వైపు తిరిగి, "పద సుజా, చీకటి పడకముందే హోటల్‌కి చేరదాం" అన్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒకసారి అడిగి రెండోసారి అడగని మనిషి. రోజంతా వెలిగిన మొహాన్ని, నా మూకుడు కోసం దీపం తగ్గించినట్టు తగ్గించేసుకుంటున్నారు. పైగా కోపం లేదు, దెప్పడం లేదు. దెప్పి ఉంటే నాకు సుఖంగా ఉండేది, తిరిగి రెండు అని ఉందును.

"కూర్చోండి" అన్నాను.

"ఎందుకు?"

"బొట్టు పెట్టాను కదండీ. పెట్టి వదిలేసి పోతామా?"

ఆయనకి అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పాను. "రైల్లో ఆమిష్ ఆవిడ చెప్పిందిగా, వాళ్ళకి వంటిల్లు ఇంటికి ఎడంగా ఉంటుందని. పెరట్లో నా పొయ్యికి ఒక పైకప్పు వెయ్యండి. నాలుగు పక్కలా గాలి రావాలి, వాన రాకూడదు, పదిమంది నుంచునే చోటు ఉండాలి. పర్మిషన్లూ అవీ మీరే తెచ్చుకోండి. కూలివాళ్ళని పెట్టకూడదు, మీ చేత్తోనే కట్టాలి. అది నిలబడిన రోజున గ్యారేజీ మీది. నట్లు పట్టుకోవడానికి నేనొస్తాను."

ఆయన పెళ్ళినాటి ఫోటోలో తప్ప నేను మళ్ళీ చూడని ఒక నవ్వు నవ్వారు. లిండాకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా లేచి వెళ్ళి బానెట్ బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. కిట్ వసంతకాలంలో పంపిస్తానంది. అప్పటికి పైకప్పు లేచి ఉండాలని నేను ఆయనకి గడువు పెట్టాను.

ఆదివారం పొద్దున్నే తిరుగు రైలు ఎక్కాం. ఈసారి కుడివైపు కిటికీ తీసుకున్నాం, వచ్చేటప్పుడు లోయ అటుంటుంది. గుడి క్యాంటీన్‌లో ముందురోజు కట్టించుకున్న పులిహోర హారిస్‌బర్గ్ దాకా కూడా ఆగలేదు. ఫిలడెల్ఫియాలో బండి వెనక్కి తిరిగితే మా ఆయన ఉలిక్కిపడలేదు. పక్క సీటావిడ కంగారుపడుతుంటే, ఏం ఫర్వాలేదు, ఇది దీనికి అలవాటే అని పెద్దమనిషిలా ధైర్యం చెప్పారు.

అప్పుడే కీర్తి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాను.

"అమ్మా, నో చెప్పేశావా? నాన్న ఎలా ఉన్నాడు? ఈజ్ హీ ఓకే?"

"నువ్వే అడుగు" అన్నాను.

"నాన్నా, కారు ఎలా ఉంది?"

"కారు సంగతి తర్వాతరా. నువ్వు చెప్పు, పెరట్లో పైకప్పు వేస్తే వాలు ఎంత ఉండాలి? మంచు నిలవకూడదు. పొయ్యి ఎత్తు మీ అమ్మకి సరిపోవాలి. పిండి కలుపుకోవడానికి ఒక గట్టు కూడా పెడదామనుకుంటున్నా."

"వెయిట్, వాట్? ఏ పొయ్యి? అమ్మా, ఏం అవుతోంది అక్కడ?"

"అదంతా నాన్న చూసుకుంటారు గానీ, కారుకి ఏ రంగు బాగుంటుందో నువ్వు చెప్పు" అన్నాను. "ఎరుపనే అనుకున్నాం. కానీ బానెట్ మీద పసుపు ఉంది కదా, మొత్తం పసుపే వేయిస్తే కలిసిపోతుందేమోనని ఆలోచిస్తున్నా."

అవతల పకపకా నవ్వు.

ఇదీ మా యాత్ర. మీరూ వెళ్తే న్యూఆర్క్‌లో కుడి కిటికీ మర్చిపోకండి, చేగోడీలు ఎక్కువ పట్టుకెళ్ళండి, గుళ్ళో ఇద్దరూ ఒకటే కోరుకోండి. ఇంకొక్క మాట. వద్దని చెప్పడానికే వెళ్తున్నట్టయితే, కుంకుమభరిణె మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి.